స్కాలర్‌షిప్ సెక్షన్‌కు పని నేర్పే తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి మీ పత్రికలో వార్తలు తరచూ వస్తున్నాయి. బిల్లులు ట్రెజరీలో ఆగితే ప్రభుత్వాన్నే అడగాలి, అడుగుతున్నారు కూడా. కానీ నిధులు విడుదలైన రోజున సైతం డబ్బు అందని విద్యార్థులు కొందరు ఉంటారు. వాళ్ల దరఖాస్తు ట్రెజరీ దాకా పోనే లేదు. కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఏదో లాగిన్‌లో ఆగిపోయింది. పేరులో ఒక అక్షరం తేడా, బ్యాంకులో జరగని సీడింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో నమోదు చేయడం), తొందరలో నొక్కిన తప్పు బటన్... ఇలాంటివే కారణాలు. ఆ సీట్లో కూర్చునే సీనియర్ అసిస్టెంటుకు, ఇన్‌ఛార్జి లెక్చరర్‌కు, అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్‌కు మనం పని నేర్పుతున్న తీరు గురించే ఈ ఉత్తరం.

శిక్షణ అసలే జరగడం లేదని అనలేం. సీజనుకు ముందు జిల్లా కేంద్రంలో ఒక సదస్సు పెడతారు, లేదంటే గూగుల్ మీట్ లింకు పంపుతారు. సదస్సయితే జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, పెద్దల ప్రసంగాలు అయ్యేసరికి పూట సగం గడిచిపోతుంది. ఆ తర్వాత ఒకరు స్లైడ్లు చదువుతారు. ఎస్సీ పథకం, ఎస్టీ పథకం, బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగులు అంటూ వరసగా జీవోలు. చివరి పది నిమిషాలు సందేహాలకు. ఆ పది నిమిషాలూ గొంతు పెద్దదైన ఒక్కరే మాట్లాడతారు. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. శిక్షణకు వెళ్లేది ఒకరు, లాగిన్‌లో కూర్చునేది మరొకరు. లెక్చరర్ హాజరు సంతకం పెట్టి ఫైలు, పెన్ను తెచ్చుకుంటారు. రోజంతా దరఖాస్తులు చూసే ఆపరేటర్ ఆ పూట కాలేజీలోనే ఉంటాడు.

పెద్దవాళ్లు నేర్చుకునే తీరు వేరని అమెరికా విద్యావేత్త మాల్కమ్ నోల్స్ 1970ల నుంచి గట్టిగా చెబుతూ వచ్చారు. ఆయన దాన్ని ఆండ్రగోజీ అన్నారు. ఆ మాట మాత్రం ఆయనది కాదు, 1833లోనే ఒక జర్మన్ ఉపాధ్యాయుడు వాడాడు. నోల్స్ చెప్పినదాని సారం ఇది. ఇది ఎందుకు నేర్చుకోవాలో పెద్దవాళ్లకు ముందే తెలియాలి. తమ పని తాము చక్కబెట్టుకునే మనుషులుగా తమను చూడాలని కోరుకుంటారు. కొత్త సంగతిని పాత అనుభవంతో సరిచూసుకుంటారు. అవసరం ముంచుకొచ్చినప్పుడే చెవి ఒగ్గుతారు. అధ్యాయాలుగా చెబితే పట్టదు, ఎదురుగా ఉన్న చిక్కును విప్పేటట్టు చెబితే పడుతుంది. పిల్లలూ ఇలాగే నేర్చుకుంటారు కదా అని నోల్స్‌ను తప్పుపట్టిన వాళ్లున్నారు, అందులో నిజం లేకపోలేదు. అయినా యాభై ఏళ్లు దాటిన సీనియర్ అసిస్టెంటుకు జీవో చదివి వినిపించే మన అలవాటుకు ఆయన మాటలు ఇప్పటికీ సూటిగా తగులుతాయి.

వయోజన విద్య అనగానే మనకు రాత్రిబడి, పలక, లాంతరు గుర్తొస్తాయి. నిజానికి ఈ పాఠం మనకు కొత్త కూడా కాదు. 1990ల తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యత కేంద్రాల్లో ఆడవాళ్ల చేత చదివించిన వాచకంలో తాగుడుతో చితికిన సంసారం గురించి ఒక పాఠం ఉండేది. అది వాళ్ల ఇంటి కథే. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆ చదువు ఊపునిచ్చింది. పాఠంలో తమ చిక్కు కనిపిస్తే పెద్దవాళ్లు ఎంత దూరం వెళతారో చూసిన నేల ఇది. స్కాలర్‌షిప్ శిక్షణలో మాత్రం ఆపరేటర్‌కు తన చిక్కు ఒక్కటీ కనిపించదు.

మరి ఏం చేయాలి? స్లైడ్లు పక్కనపెట్టి, కిందటేడు తిరిగొచ్చిన, ఆగిపోయిన దరఖాస్తులనే పాఠ్యపుస్తకం చేయాలి. ఇరవై మందికి మించని బృందం, పది కంప్యూటర్లు, పన్నెండు వేర్వేరు దరఖాస్తుల నకళ్లు, తొంభై నిమిషాలు చాలు. నకళ్ల మీద పేరు, ఆధార్ సంఖ్య, ఫోను నంబరు నల్లసిరాతో కొట్టేసి బదులుగా ఊహాపేర్లు రాయాలి. ఇద్దరిద్దరికి మూడేసి దరఖాస్తులిచ్చి, ఇవి ఎందుకు ఆగాయో ఇరవై నిమిషాల్లో కనిపెట్టమనాలి. ఆ ఇరవై నిమిషాలూ శిక్షకుడు నోరు మెదపకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం. ఎవరైనా తల గోక్కోగానే వెళ్లి జవాబు చెప్పేస్తారు, అక్కడితో నేర్చుకోవడం ఆగిపోతుంది. తర్వాత అరగంట ఒక్కో జంట తాము కనిపెట్టింది చెప్పాలి, మిగతావాళ్లు ఒప్పుకోవాలి లేదా కాదనాలి. ఆపైన ఓ అరగంట కంప్యూటర్ మీద సరిదిద్దే పని. చివరి పది నిమిషాల్లో ఎవరి కాలేజీకి వాళ్లు గోడకు అతికించుకునే కాగితం రాసుకోవాలి.

ఎలాంటి దరఖాస్తులు ఎంచుకోవాలో కూడా చెప్పాలి. పదో తరగతి మెమోలో ‘గడ్డం సాయి కుమార్’, ఆధార్‌లో ‘సాయికుమార్ గడ్డం’ అని ఉందనుకుందాం. మనిషి కంటికి ఇద్దరూ ఒకరే, సర్వర్‌కు వేరు. ఏం చేస్తాం? ఆధార్ మార్పించుకు రమ్మని విద్యార్థిని పంపుతాం. మెమో మార్చడం పెద్ద ప్రహసనం కాబట్టి ఆధార్‌నే మెమోకు సరిపోల్చడం సబబే. అయితే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండే సార్లు, పుట్టిన తేదీకయితే ఒక్కసారే. నోటిమాటగా పంపితే ఆధార్ సెంటర్‌లో మళ్లీ ఇంకో తీరుగా కొడతారు, ఒక అవకాశం బూడిదలో పోసినట్టవుతుంది. చేయాల్సిందల్లా చిన్న పని. మెమోలో ఉన్నట్టే ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీలతో సహా చీటీ రాసివ్వాలి. రసీదు చేతికి రాగానే అక్కడే నిలబడి ఒక్కో అక్షరం చీటీతో పోల్చుకోమని చెప్పాలి. రెండే అవకాశాలన్న సంగతి స్లైడ్ మీద చదివినవాడు మరిచిపోవచ్చు. ఈ దరఖాస్తు చేత్తో పట్టుకుని, ఒక అవకాశం ఎలా పోయిందో తానే కనిపెట్టినవాడు చీటీ రాయడం మానడు.

రెండోది బ్యాంకు ఖాతా. ఇక్కడ అనుభవమే అడ్డొస్తుంది. పాస్‌బుక్ జిరాక్స్ పెట్టి, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిచూస్తే పని అయిపోయినట్టేనని చాలాకాలం నడిచింది. ఆధార్ ఆధారంగా జమచేసే చెల్లింపుల్లో ఆ నంబరు దారి చూపదు. చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర మ్యాపర్ అనే జాబితా ఉంటుంది, అందులో ఆ ఆధార్‌కు ఏ బ్యాంకు మ్యాప్ అయి ఉంటే డబ్బు అటే పోతుంది. ఖాతాకు ఆధార్ లింక్ కావడం వేరు, మ్యాపర్‌లో సీడింగ్ కావడం వేరు. ఈ రెండూ ఒకటేనని బ్యాంకు కౌంటర్‌లో చెప్పేవాళ్లు కూడా ఉంటారు. ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా సీడింగ్ చేయించిన బ్యాంకే నిలుస్తుంది. విద్యార్థి మధ్యలో ఫోన్ యాప్‌లో కొత్త ఖాతా తెరిచి, చదవకుండా సమ్మతి గడిలో టిక్ పెడితే సీడింగ్ అటు మారుతుంది. ఇటు సెక్షన్‌లో మాత్రం పాత పాస్‌బుక్ జిరాక్స్ భద్రంగా ఉంటుంది. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 2021 మార్గదర్శకాల ప్రకారం కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఆధార్ సీడింగ్ ఉన్న ఖాతాకే వస్తుంది కాబట్టి ఈ తేడా తెలియకపోతే దెబ్బ గట్టిగానే తగులుతుంది.

ఇది నేర్పేటప్పుడు పాతవాళ్లతో ‘మీ పద్ధతి తప్పు’ అనకూడదు. ఇరవై ఏళ్ల సర్వీసును ఒక్కమాటతో కొట్టిపారేస్తే ఇక ఆ మనిషి చెవులు మూసుకుపోతాయి. రెండు దరఖాస్తులు పక్కపక్కన పెట్టాలి. రెండింట్లోనూ పాస్‌బుక్ సరిగ్గానే ఉంది, ఒకరికి డబ్బు పడింది, ఇంకొకరికి పడలేదు. ఎందుకో చెప్పమనాలి. జుట్టు పీక్కున్నాక ఆధార్ సైట్‌లో విద్యార్థి లాగిన్‌తో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిచి చూపించాలి. అక్కడ బ్యాంకు పేరు, యాక్టివ్ అవునా కాదా అన్నది కనిపిస్తాయి. ఓటీపీ విద్యార్థి ఫోనుకే వస్తుంది కాబట్టి ఈ తనిఖీ విద్యార్థి ఎదుట ఉన్నప్పుడే, దరఖాస్తు తీసుకునే రోజే చేయాలి. తర్వాత ఫోన్ చేసి ఓటీపీ చెప్పమనడం సైబర్ మోసగాళ్లకు పిల్లల్ని అలవాటు చేయడమే.

మూడో రకం దరఖాస్తు కేంద్రం నడిపే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దొరుకుతుంది. కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌లో ‘డిఫెక్ట్’, ‘రిజెక్ట్’ అని రెండు వేర్వేరు దారులున్నాయి. పత్రం మసకగా ఉన్నా, మార్కులు తప్పుగా కొట్టినా ‘డిఫెక్ట్’ పెడితే దరఖాస్తు విద్యార్థికి తిరిగి వెళుతుంది, గడువులోగా దిద్ది పంపుకోవచ్చు. ‘రిజెక్ట్’ నొక్కితే ఆ ఏడాదికి కథ కంచికే. మాతృభాషలో ఆలోచించే మనిషికి ‘లోపం ఉంది’, ‘తిరస్కరించాను’ అన్న తేడా వెంటనే తెలుస్తుంది. ఇంగ్లిషు బటన్లు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. శిక్షకుడు తెలుగులో చెప్పాలన్నది భాషాభిమానం కోసం అంటున్న మాట కాదు. అసలు ఏ బటనూ నొక్కకుండా గడువు దాటబెట్టడం ఇంకో తప్పు. అప్పుడు దరఖాస్తు కాలేజీ స్థాయిలోనే చచ్చిపోతుంది, ఎవరికీ సమాచారం కూడా పోదు.

మరికొన్ని త్వరగా చెబుతాను. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. కాలేజీ హైదరాబాద్‌లో ఉంది కదా అని పల్లె విద్యార్థికి పట్టణ పరిమితి పెట్టేస్తారు. చూడాల్సింది కుటుంబం ఉండే ఊరు. ఇంటర్ నుంచి ఇంజినీరింగ్‌కు వచ్చినవాళ్లకు కొత్త కోర్సు కాబట్టి ఫ్రెష్ (కొత్త) దరఖాస్తు, రెండో ఏడాది నుంచి రెన్యువల్ (కొనసాగింపు). మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లకు రీయింబర్స్‌మెంట్ రాదన్న మాట అడ్మిషన్ రోజే చెప్పాలి, ఏడాది చివర చెబితే అప్పుల పాలవుతారు. దరఖాస్తు కోసం మీసేవలో వేయాల్సిన వేలిముద్ర పడలేదని తెలిసేది కూడా చాలాసార్లు చివరి వారంలోనే.

శిక్షణ ఎప్పుడు పెడతామన్నదీ ముఖ్యమే. పోర్టల్ తెరవడానికి రెండు నెలల ముందు పెడితే ఎవరికీ అవసరం అనిపించదు. గడువు ముంచుకొచ్చాక పెడితే మనసు కౌంటర్ దగ్గరే ఉంటుంది. తెరిచే ముందు వారం పెట్టి, రెండు వారాల తర్వాత ఇరవై నిమిషాలు, గడువుకు పది రోజుల ముందు ఇంకో అరగంట కలుసుకోవాలి. ఆ ఇరవై నిమిషాల్లో స్లైడ్లు మళ్లీ చూపించకూడదు. కాగితాలన్నీ మూయించి, డబ్బు పడని విద్యార్థి వస్తే మొదట ఏం చూస్తారో గుర్తు చేసుకుని రాయమనాలి. మరుపు మొదట్లోనే వేగంగా వస్తుందని జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. ఆయన బట్టీ పట్టింది అర్థంలేని అక్షరాల ముక్కలను. మన జీవో నంబర్లు వాటికేం తీసిపోవు.

కంప్యూటర్ దగ్గర జంటలు కట్టేటప్పుడు ఒక్క నియమం పాటించాలి. మౌస్ తక్కువ తెలిసినవారి చేతిలోనే ఉండాలి. పక్కవారు నోటితో చెప్పాలి, వేలుపెట్టి నొక్కకూడదు. పెద్ద వయసువాళ్లకు పోర్టల్ అంటే భయం ఉంటుంది. పాస్‌వర్డ్ లాక్ అవుతుందేమో, సబ్మిట్ నొక్కితే ఇక వెనక్కి రాదేమో అని. అందుకే ‘బాబూ, నువ్వే చూడు’ అని చిన్నవాళ్లకు కుర్చీ వదిలేస్తారు. వాళ్లు చకచకా చేసేస్తారు, పెద్దాయనకు ఒక్క ముక్కా ఎక్కదు. తిరగేసి చూస్తే, కుల ధ్రువీకరణ పత్రాన్నో టీసీనో ఒక్క చూపులో పట్టేసి ‘ఇందులో ఏదో తేడా ఉంది’ అనగలిగేది ఆ పెద్దాయనే. ఏం చూసి పట్టుకున్నారో ఆయన చేత చెప్పించాలి. ఆ గంటకు ఆయనే మాస్టారు. శిక్షణ కోసం ఉత్తుత్తి వివరాలతో విడిగా ఒక లాగిన్ ఇస్తే ఈ భయం సగం పోతుంది. తప్పు చేసినా ఏ విద్యార్థికీ నష్టం లేదని తెలిస్తే ఎవరైనా ధైర్యంగా నొక్కి చూస్తారు.

గోడ కాగితం గురించి రెండు మాటలు. నలభై పేజీల మాన్యువల్ బీరువాలో ఉంటుంది, విద్యార్థి కౌంటర్ ముందు ఉంటాడు. ఒక ఏ4 కాగితం, పెద్ద అక్షరాలు, ఏడెనిమిది పంక్తులు చాలు. మెమో పేరు, ఆధార్ పేరు ఒకటేనా, సీడింగ్ యాక్టివేనా, ఏ బ్యాంకు, ఆదాయ పత్రం ఏ ఊరిది, ఎప్పటిది, సీటు కన్వీనర్ కోటాదేనా, హాజరు 75 శాతం ఉందా, వేలిముద్ర పడిందా, ఫ్రెషా, రెన్యువలా. దీన్ని జిల్లా ఆఫీసు అచ్చువేసి పంచకూడదు. ఎవరి చేత్తో వాళ్లు రాసుకుంటేనే చూస్తారు. పంచిన పోస్టర్ల మీద పంచాంగం క్యాలెండర్లు వేలాడతాయి.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. శుభోదయాల మధ్య సర్క్యులర్ ఎక్కడుందో వెతకడానికే ఓ పూట పడుతుంది. అధికారులు మాత్రమే పోస్ట్ చేసే గ్రూపు ఒకటి, సందేహాలకు వేరే గ్రూపు ఒకటి పెట్టాలి. వారానికోసారి ఒకే ఒక చిక్కు ప్రశ్న వేసి, జవాబు మర్నాడు చెప్పాలి. అంతకుమించి వద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ ఫీజు డబ్బు తల్లుల ఖాతాలకు వెళ్లింది, తర్వాత ఉమ్మడి ఖాతాలన్నారు, ఇప్పుడు మళ్లీ కాలేజీ ఖాతాకు మారింది. నిన్నటి సరైన జవాబు ఇవాళ తప్పవుతుంది. అలాంటిచోట జవాబులు బట్టీ పట్టించడం దండగ. తాజా ఉత్తర్వు ఎక్కడ చూడాలి, అక్కడి స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమిలో స్టేటస్ ఏ దశలో ఆగితే ఎవరిని అడగాలి, గ్రామ, వార్డు సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు దగ్గర తేలేదేమిటి, కాలేజీలో తేలేదేమిటి అన్నవి నేర్పాలి.

మన సెక్షన్లలో రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ ఒక్కటే తెలిసిన వాళ్లు ఎక్కువ. రీయింబర్స్‌మెంట్ పరిధిలోకి రాని అమ్మాయి టెక్నికల్ డిప్లొమాలోనో డిగ్రీలోనో మొదటి ఏడాది చేరితే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలకు దరఖాస్తు చేసుకోవచ్చు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి 4.5 లక్షల లోపు ఆదాయమున్న డిగ్రీ విద్యార్థికి కేంద్ర పథకం కింద ఏడాదికి 12,000 వస్తాయి. ‘నీకు రాదు’ అని చెప్పి పంపేసే ముందు ‘ఇది రాదు, అది చూద్దాం’ అనడం కూడా శిక్షణలో అభ్యాసం చేయించాలి. ఒకరు విద్యార్థిగా, ఒకరు గుమస్తాగా ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే చాలు. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది, పర్వాలేదు.

ఇక ఫలితం ఎలా తెలుస్తుంది? ‘కార్యక్రమం చాలా బాగుంది’ అని నింపే ఫారం వల్ల తెలిసేది భోజనం రుచి మాత్రమే. ప్రతి కాలేజీ శిక్షణకు ముందు ఏడాది వందకు ఎన్ని దరఖాస్తులు తిరిగొచ్చాయి, ఏ కారణంతో వచ్చాయి అని ఒక పేజీ లెక్క రాసుకోవాలి. మరుసటి ఏడాది అదే పేజీ మళ్లీ రాయాలి. పేరు తేడాలు తగ్గి సీడింగ్ తప్పులు తగ్గకపోతే, వచ్చే సదస్సు సగం సమయం సీడింగ్‌కే ఇవ్వాలి. లెక్క పేరుతో తప్పులు చేసినవాళ్ల జాబితా తీసి సంజాయిషీ మెమోలు ఇస్తే మాత్రం రెండో ఏడాదికి ఎవరూ నిజం రాయరు.

దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే సీజనుకు పంపే సర్క్యులర్‌లో ఒక్క వాక్యం మార్చమని సంక్షేమ శాఖలను కోరుతున్నాను. ‘ప్రిన్సిపాల్ లేదా వారి ప్రతినిధి హాజరు కావలెను’ అని రాసే చోట ‘లాగిన్‌లో పనిచేసే వ్యక్తి, కిందటేడు తిరిగొచ్చిన మూడు దరఖాస్తుల నకళ్లతో హాజరు కావలెను’ అని రాయండి.

ఇట్లు,
స్కాలర్‌షిప్ సిబ్బందికి శిక్షణనిచ్చే ఒక అధ్యాపకుడు,
హనుమకొండ